భజన పక్క గదిల!

మనవళ్ళారా, కాలేజీ మెట్లెక్కని నాకు పుస్తకాల మీద వాదించే స్నేహితురాలు ఎక్కడ దొరికిందని ఫోన్‌లో నవ్వుతారు కదా, చెబుతా వినండి.

నిరుడు కరీంనగర్‌లో ఒక కథ మీద చర్చ పెట్టి, అందరూ రావచ్చన్నారు. కథలో భార్య ఇల్లు విడిచి వెళ్తుంది. అది తప్పని మగవాళ్ళంతా తేల్చేశారు. నేను చెయ్యెత్తాను.

"అవ్వా, భజన పక్క గదిల," అన్నాడు చర్చ నడిపే పెద్దమనిషి. అందరూ నవ్వారు. నా ఒళ్ళు మండిపోయింది.

"కథ రెండుసార్లు సదివిన సారూ. నువ్వు సదివినవా?"

"కూసో అవ్వా, జర సదువుకున్నోళ్లను మాట్లాడనియ్యి."

వెనక వరసలో బురఖా వేసుకున్న ఒకామె లేచింది. "మరి నేను గూడ భజనకే పోవాల్నా సార్?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇద్దరం బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. ఆమె పేరు షాహీన్. "ఇగ చెప్పు అవ్వా, ఆమె పోవుడు ఎట్ల కరెక్టు?" అంది. చెప్పాను. ఒప్పుకోలేదు.

ఆ పెద్దమనిషి మీద కోపం ఇంకా చల్లారలేదు. షాహీన్ మీద మాత్రం, ఆమె పుస్తకం పట్టుకుని వాదనకు వచ్చే ప్రతి ఆదివారం కొత్తగా వస్తుంది.