యాంటెన్నాకు నిమ్మకాయ

ఇంతవరకు ఎవరితోనూ అనని మాట ఒకటుంది. అన్నీ చెప్పుకునే డైరీలో కూడా రాయలేదు. అమెరికాలో నా మొదటి ఉద్యోగం రోజుల్లో, మీటింగులో నోరు తెరవాల్సి వచ్చినప్పుడల్లా నేను ఒకావిడ గొంతు అరువు తెచ్చుకునేదాన్ని. ఆవిడ ముఖం నేను చూడలేదు, పేరు తెలియదు. హైవే పోలీసుల కంట్రోల్ రూమ్‌లో కూర్చుని, రోడ్ల మీద తిరిగే పోలీసు కార్లతో రేడియోలో మాట్లాడే మనిషి. అవతల ఎవరు ఎంత కంగారుగా అరిచినా ఆవిడ మాత్రం బియ్యంలో రాళ్ళు ఏరుతున్నంత నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పేది. గిన్నెలు కడుక్కుంటూ నేను, విన్నానని చెప్పే "కాపీ", ఆగమని చెప్పే "స్టాండ్ బై" ఆవిడలా అని చూసుకునేదాన్ని. మీటింగులో నా వంతు రాగానే ఆ గొంతు తొడుక్కునేదాన్ని. ఈ అమ్మాయి తక్కువ మాట్లాడుతుంది కానీ స్పష్టంగా మాట్లాడుతుందని ఆఫీసులో పేరొచ్చింది. తక్కువ మాట్లాడటం నాదే. స్పష్టత ఆవిడది.

ఆవిడ నాకు పరిచయమైంది మా కింది ఫ్లాట్ అక్క కారులో.

ఫోన్లు ఇంకా దారి చెప్పడం నేర్చుకోని కాలం. మేముండేది శాన్ రామన్‌లో, ఆఫీసులు సన్నీవేల్‌లో. గుంటూరు నుంచి వచ్చిన ఆ అక్క డ్రైవ్ చేసేది. పక్క సీట్లో కరీంనగర్ నుంచి వచ్చిన అన్న. వెనక కిటికీ పక్కన నేను, ఒళ్ళో లైబ్రరీ పుస్తకం. వాళ్ళిద్దరూ గ్రీన్ కార్డు గురించి మాట్లాడుకుంటుంటే నేను పేజీలు తిప్పుకుంటూ వెళ్ళిపోయేదాన్ని. ఆరు నెలలు ఒకే కారులో తిరిగాక కూడా అన్న నన్ను "చెల్లె, నిద్రపోయినవా?" అని అడిగేవాడు.

ఆ చలికాలంలో అక్క టీముకి కొత్త మేనేజరు వచ్చాడు. ఉదయం ఎనిమిదింటి మీటింగు ఆయనకు ప్రాణం. సునోల్ దగ్గర కొండ ఎక్కే చోట ట్రాఫిక్ ఆగిపోయి అక్క రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళింది. మూడోసారి కూడా ఇలాగే అయితే ప్రాజెక్టులోంచి తీసేయాల్సి వస్తుందని మేనేజరు మర్యాదగానే చెప్పాడు. ప్రాజెక్టు పోతే అక్కకు ఆ కంపెనీలో వేరే పని లేదు. అక్క వీసా ఆ ఉద్యోగం మీద నిలబడింది, బావగారి వీసా అక్క మీద నిలబడింది. రెండేళ్ళ పాపతో ముగ్గురూ పెట్టెలు సర్దుకోవాల్సిందే.

బావగారు హైదరాబాదులో వైర్‌లెస్ పరికరాలు తయారుచేసే చోట ఇంజినీరుగా చేశారు. డిపెండెంట్ వీసా మీద వచ్చిన వాళ్ళకు ఇక్కడ ఉద్యోగం చేసే వీలు లేదు. వంట చేసేవారు, పాపను పార్కుకు తీసుకెళ్ళేవారు, మా అపార్టుమెంట్లలో ఎవరి మిక్సీ ఆగిపోయినా బాగుచేసేవారు. చివరికి బాగుచేయడానికి పాడైన వస్తువులు దొరకని పరిస్థితి వచ్చింది.

ఒక శుక్రవారం సాయంత్రం వాళ్ళింట్లో పకోడీలు తింటుండగా ఆయన మొదలుపెట్టారు. "మన కారు రేడియోలో ట్రాఫిక్ న్యూస్ చెప్తాడు చూడూ, వాడికెవరు చెప్తారు? పోలీసులు. వాడు మనకు చెప్పేసరికి మనం ఇరుక్కుపోయి ఉంటాం. అదేదో పోలీసులనే వింటే పోలా? స్కానర్ అని ఒక డబ్బా ఉంటుంది."

"దొంగలు కూడా అలాగే అనుకుంటారు," అంది అక్క.

"అందుకే అడిగొచ్చాను."

"ఎవర్ని?"

"పోలీసునే. లైబ్రరీ ముందు పిల్లలకు స్టిక్కర్లు పంచుతున్నాడు. పాపనెత్తుకుని వెళ్ళి అడిగాను. వినొచ్చట. విని వెధవ పనులు చేయకూడదంతే. కానీ చాలా బోరు కొడుతుంది, ఆలోచించుకో అన్నాడు."

అక్క పకోడీ పళ్ళెం కింద పెట్టేసి నవ్వింది. "పోలీసుల మాటలు వినడానికి పోలీసునే పర్మిషన్ అడిగిన మగాడు ప్రపంచం మొత్తానికి నా మొగుడొక్కడే!"

మర్నాడే ఆయన పాత సామాన్ల సంతలో ఒక స్కానర్ కొనుక్కొచ్చారు. టిఫిన్ డబ్బా అంత నల్లటి పెట్టె. ముందు వైపు అంకెలు వరసగా పరుగెడుతుంటాయి. ఎవరైనా మాట్లాడితే ఆ అంకె మీద ఆగి వినిపిస్తుంది, మాట అయిపోగానే మళ్ళీ పరుగు. అక్క పాపకు స్నానం చేయిస్తోంది, అన్నకు క్రికెట్ ఉంది. సాయం పట్టడానికి నేనే మిగిలాను.

పెట్టెను పక్క సీటు ముందు, మోకాళ్ళకు పైన బిగించాం. మొదట సిగరెట్ లైటర్ గుంటలోంచి కరెంటు తీసుకున్నాం. ఇంజిన్ స్టార్ట్ చేయగానే చెవిలో దోమ దూరినట్టు ఒకటే రొద. యాక్సిలరేటర్ తొక్కితే దోమ గొంతు కూడా లేచేది. "ఇది మన ఇంజిన్ పాటే," అన్నారు బావగారు సంబరంగా. ఎన్నాళ్ళకో ఆయనకు ఒక సరైన సమస్య దొరికింది. బ్యాటరీ నుంచి నేరుగా వేరే తీగ లాగాలన్నారు. బట్టల హ్యాంగర్‌ని తిన్నగా చేసి, దాని చివర తీగ కట్టి, ఇంజిన్ వైపు నుంచి రబ్బరు కన్నంలోంచి లోపలికి తోశారు. నేను కారులో తలకిందులుగా పడుకుని టార్చి పట్టుకుని చూస్తున్నాను.

"వచ్చిందా అమ్మా?"

వచ్చింది. కానీ నా గొంతు ఇంజిన్ దాటి ఆయనకు చేరలేదు.

"వచ్చిందా? లేదా? ఇంకా తోస్తున్నా!"

హ్యాంగర్ వచ్చి నా జడలో చిక్కుకుంది. అప్పుడు అరిచాను. ఆ అపార్టుమెంట్లలో నేను అరవగా విన్న మొదటి మనిషి బావగారే.

యాంటెన్నా ఇంకో కథ. హైవే పోలీసుల తరంగాలకు పొడవాటిది కావాలట. డిక్కీ అంచుకు బిగించిన ఉక్కు కడ్డీ కారు కంటే ఎత్తుగా లేచి గాలికి ఊగుతుంటే, సోమవారం పొద్దున అన్న దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "ఏం సంగతి అక్కా, ఆఫీసుకా, చేపలు పట్టనీకా?"

"నోరు మూసుకుని వెనక కూర్చో. ఇకనుంచి ముందు సీటు అమ్మాయిది. నువ్వుంటే ఆ డబ్బాకి మాట్లాడే ఛాన్సు ఎక్కడిది?"

అలా ముందు సీటు నాదైంది. డబ్బా మాట్లాడినప్పుడు కారులో ఎవరూ మాట్లాడకూడదని అక్క చట్టం చేసింది. అన్నకు అది కష్టం. నాకది పండగ.

మొదటి వారం ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత మెల్లగా మాటలు, పోలీసుల అంకెల భాష విడివడ్డాయి. పదకొండు ఎనభై రెండు అంటే కార్లు రాసుకున్నాయి, ఎవరికీ దెబ్బల్లేవు. పదకొండు డెబ్భై తొమ్మిది అంటే అంబులెన్సు కూడా బయల్దేరింది. పదకొండు ఇరవై అయిదు అంటే రోడ్డుకు ఏదో అడ్డంగా ఉంది. ఆ మూడోది నాకెంతో ఇష్టం. ఎవరిదో పరుపు మూడో లేన్‌లో పడుకుని ఉంది. ఎవరిదో నిచ్చెన. మా దారిలోనే ఉన్న డబ్లిన్ ఊరి దగ్గర ఒక కుక్క, దాన్ని పట్టుకోవడానికి ఇద్దరు పోలీసులు. నిమిషం ఆగి ఒక పోలీసు ఆయాసపడుతూ కుక్క దొరికిందన్నాడు. ఆవిడ "కాపీ" అంది. ఆ ఒక్క మాటలో నవ్వు దాచుకోవడం నేను విన్నాను. ఒళ్ళో పుస్తకం తెరిచి ఉండేది, పేజీ తిరిగేది కాదు.

అన్నిటికంటే నచ్చింది ఆవిడ ఆగకపోవడం. ఏమీ జరగని ఉదయాల్లో కూడా ఎవరో ఒకరు ఎక్కడున్నామో చెబుతుండేవారు, ఆవిడ జవాబిస్తుండేది. నేను వినదగ్గది వినగానే అక్క వైపు వంగి "కుడివైపు రెండు లేన్లు మూశారు" అని గుసగుసగా చెప్పేదాన్ని. అక్క ముందే హైవే దిగి వేరే దారి పట్టేది. రెండు నెలల పాటు ఆలస్యమన్న మాటే లేదు. బావగారు సాయంత్రం కిందనే ఎదురుచూస్తూ ఉండి, అక్క దిగకముందే "ఎలా వినపడింది?" అని నన్ను అడిగేవారు.

వసంతం వచ్చింది, కొండలు పచ్చబడ్డాయి. ఒక సోమవారం అక్క డెమో. ఎక్కడినుంచో పెద్ద పెద్దవాళ్ళు వస్తున్నారు, ఎనిమిదింటికి మొదలు, చూపించాల్సింది అక్క. ఆ రోజు ఆలస్యమైతే ఇక మాటల్లేవు. అందుకని ఆదివారం కారును లివర్‌మోర్ గుడికి తీసుకెళ్ళి పూజ చేయించాల్సిందేనని అక్క పట్టుబట్టింది.

"కొత్త కారా అమ్మా?" అన్నారు పూజారిగారు.

"కారు పాతదేనండీ. డబ్బా కొత్తది."

ఆయన డబ్బాను వంగి చూసి, కారుకీ డబ్బాకీ కలిపి మంత్రాలు చదివారు. డబ్బాకు బొట్టు పెట్టారు. నిమ్మకాయా మిరపకాయలూ ఇచ్చారు. కారు ముందు కడితే ఇంజిన్ వేడికి వాడిపోతాయని అక్క అంది. బావగారు వాటిని యాంటెన్నా మొదట్లో గట్టిగా కట్టారు.

సోమవారం డబ్లిన్ దాటేవరకు స్కానర్ ఒక్క మాట కూడా అనలేదు. అంకెలు మామూలుగానే పరుగెడుతున్నాయి.

"చూశారా," అంది అక్క, "పూజ ఊరికే పోలేదు. ఈ పూట ఎక్కడా ఏమీ లేదు. రోడ్డంతా ఖాళీ!"

"అమ్మవారు డైరెక్టుగా ట్రాఫిక్ డిపార్ట్‌మెంట్ తీస్కున్నది," అన్నాడు అన్న.

ఇద్దరూ నవ్వుతున్నారు. నేను మాత్రం ఆ అంకెల వైపే చూస్తున్నాను. ప్రమాదాలు లేకపోవచ్చు. పరుపులు, నిచ్చెనలు, కుక్కలు ఏవీ లేకపోవచ్చు. కానీ ఆవిడ ఇంతసేపు మాట్లాడకుండా ఉండదు. అక్క ముఖంలో ఎన్నాళ్ళకో కనిపించిన ధైర్యాన్ని నా మాటతో పోగొట్టడానికి నోరు రాలేదు. ప్లెజంటన్‌లో దిగే ఆఖరి ఎగ్జిట్ బోర్డు కనిపించింది. అది దాటితే సునోల్ వరకు బయటపడే దారి లేదు.

"అక్కా, దిగు."

"ఏంటి?"

"ఇక్కడ దిగు! రోడ్డు ఖాళీగా లేదు. డబ్బా చెవిటిదైంది!"

గుసగుసగా చెప్పలేదు. అన్న వెనక సీట్లో నిటారుగా కూర్చున్నాడు. అక్క వెంటనే స్టీరింగ్ తిప్పింది.

పెట్రోల్ బంకులో ఆపగానే యాంటెన్నా చూడటానికి వెనక్కి పరుగెత్తాను. బావగారు నిమ్మకాయను దారంతో కట్టలేదు. గాలికి ఎగిరిపోకుండా, మిగిలిపోయిన రాగి తీగతో కట్టారు. తీగ యాంటెన్నా కడ్డీ చుట్టూ తిరిగి, కింద డిక్కీకి బిగించిన ఇనుప పట్టీకి కూడా తగిలి ఉంది. యాంటెన్నాకు అందినదంతా కారు రేకులోకి దిగిపోతోంది. వేళ్ళతో ఆ తీగ విప్పుతుండగానే కారులోంచి ఆవిడ గొంతు వినిపించింది. ఎంత నిదానంగా ఉందో! సునోల్ దాటాక కొండ మీద లారీలోంచి ప్లైవుడ్ పలకలు జారి రోడ్డంతా పరుచుకున్నాయట. ఒక్కటి తప్ప అన్ని లేన్లూ మూసేశారట.

"అక్కా, నైల్స్ కాన్యన్ లోయ దారి పట్టు," అన్నాను ముందు సీట్లోకి దూరుతూ.

"చెల్లె, నీకు ఇంత గొంతు ఉన్నదా? ఇన్ని రోజులు యాడ పెట్టినవ్?" అన్నాడు అన్న.

కొండ అంచున పోయే చిన్న రోడ్డు పట్టుకుని సునోల్ ఊళ్ళోకి, అక్కణ్ణుంచి కాన్యన్‌లోకి దిగాం. పక్కనే వాగు నిండుగా పారుతోంది. చెట్ల మధ్య మలుపులు, ఆకుల్లోంచి రాలుతున్న ఎండ. అక్క స్టీరింగ్ మీద వాలిపోయి నడుపుతోంది. నిమ్మకాయ పారేయడానికి మనసొప్పక నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. పుస్తకం ఎక్కడో కాళ్ళ కింద ఉంది. ఫ్రీమాంట్ దాటి మళ్ళీ పెద్ద రోడ్డెక్కాక, మా ముందున్న కార్లన్నీ కదులుతుండటం చూసి, ముగ్గురం ఒక్కసారే కేక పెట్టాం. అక్క ఆఫీసు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేటప్పటికి ఎనిమిదికి ఇంకా టైముంది. అన్నా నేనూ కారులో కూర్చుని ఆ తలుపు మూసుకోవడం చూశాం.

మధ్యాహ్నం అక్క నుంచి ఫోన్. "అయిపోయింది అమ్మాయ్! బాగా అయింది. తర్వాతి రిలీజ్ కూడా నన్నే చూసుకోమన్నాడు మేనేజరు." నేను ఆఫీసు మెట్ల మీద నిలబడి ఒంటరిగా నవ్వుకున్నాను.

సాయంత్రం బావగారు పాపనెత్తుకుని ఎప్పటిలా కిందనే ఉన్నారు. అక్క అంతా వరసగా చెప్పింది. డెమో బాగా జరిగిందనగానే ఆయన పాపను గాల్లోకి ఎగరేశారు. రాగి తీగ మాట రాగానే పాపను అక్క చేతికిచ్చి, తల పట్టుకుని కారు బానెట్ మీద కూలబడ్డారు. "యాంటెన్నాకి రాగి తీగ కట్టానా? నేనా? చదివిన చదువంతా నిమ్మకాయ పాలు చేశానే!" అని ఆయన కూడా నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వుతో పాపకు నవ్వొచ్చింది, పాపను చూసి మాకు. కార్ పార్కింగులో అందరూ తిరిగి చూస్తున్నా నాకు సిగ్గనిపించలేదు.

భోజనానికి ఉండమన్నారు. తిన్నాను. పైకి మెట్లెక్కుతుంటే అక్క తలుపు దగ్గర నిలబడి, పాపను భుజం మార్చుకుంటూ అంది:

"అమ్మాయ్, రేపు పావుగంట ముందే కిందికి దిగు. ఆ డబ్బాని నేను నమ్మను. ఆ డబ్బా బిగించినాయన్ని అసలు నమ్మను. నిన్ను నమ్ముతాను, కానీ నువ్వు నోరు తెరవడానికి ఆ పావుగంటా పడుతుంది."