కానుగ నీడ లేని చోట

తాళంచెవులు చేసే ఖుద్దూస్ భాయ్‌కి గడియారం అక్కర ఉండేది కాదు. మెదక్ బస్టాండు రోడ్డు మీద రెండు కానుగ చెట్లుండేవి. పొద్దున మొదటి చెట్టు నీడలో, మధ్యాహ్నం రెండు దాటాక బ్యాంకు గోడ పక్క చెట్టు నీడలో రేకు పెట్టె సర్దుకునేవాడు. ముప్పై ఏళ్లు అంతే. ఆయన ఎక్కడున్నాడో చూసి మేం టైం చెప్పుకునేవాళ్లం.

రోడ్డు వెడల్పంటూ రెండు చెట్లూ కొట్టేశారు. ఈ పిచ్చి మారాజు మాత్రం చెట్లున్నట్టే అదే వేళకు అదే చోటికి పెట్టె జరిపేవాడు! "గిరాకి నన్ను ఈడనే ఎతుకుతది సేట్," అనేవాడు. చెవులు అరగదీసే ఆకురాయి ఎండకు కాలితే గుడ్డ చుట్టి పట్టుకునేవాడు. చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

ఎదురుగా జిరాక్స్ షాపు నాదే. ముందు రేకుల నీడ, దాని కింద మూడు మెట్లు. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆయన ఆ మెట్ల మీద కూర్చుంటే, "గిరాకికి అడ్డం గాకు భాయ్, లే" అని కసిరింది నేనే. నా నోరు పడిపోను! మళ్లీ ఆయన ఇటు రాలేదు, నేనూ పిలవలేదు.

ఈ మే నెలలో ఆయన భార్య ఖతీజా షాపుకొచ్చింది. "నిన్న ఇంటికొస్తనే ఎండదెబ్బకు కండ్లు తిరిగి పడ్డడు భయ్యా. ఇంకోపారి పడితే లేస్తడో లేవడో అన్నరు దవాఖానల. జర మీ మెట్ల మీద నీడకు కూసోబెట్టుండ్రి."

"నేను చూసుకుంట, మీరు పరేషాన్ గాకుండ్రి," అన్నాను.

ఒంటిగంటకు తలెత్తి చూశాను. ఆయన అంగీ చెమటకు తడిసి ముద్దయింది. పిలుద్దామనుకునేలోపు ఆధార్ కార్డులతో గుంపు వచ్చిపడింది. రెండు దాటాక పెట్టె బ్యాంకు గోడ పక్కకు జరిగింది. మూడుకు మళ్లీ చూస్తే అంగీ పొడిగా ఉంది.

"ఎట్లుంది భాయ్?" అని షాపులోంచే అరిచాను.

"మస్తు చల్లగున్నది సేట్. చెట్టు గాలి కొడ్తున్నది."

హమ్మయ్య అనుకుని మళ్లీ మెషిన్ వైపు తిరిగాను. అప్పుడు తట్టింది. ఏ చెట్టు? పరుగెత్తి వెళ్లి చేయి పట్టుకుంటే పెనంలా కాలుతోంది. ఒంటి మీద చెమట చుక్క లేదు.

"లే భాయ్, మెట్ల మీదికి పోదాం!"

"వద్దు సేట్," అన్నాడు నన్ను దాటి ఎటో చూస్తూ. "మీ గిరాకికి అడ్డమైత."

తల నా భుజం మీదికి ఒరిగింది. నలుగురం మోసుకొచ్చి ఆ మెట్ల మీదే నీడకు పడుకోబెట్టాం. ఆయన లేవలేదు.