గుర్రం కన్నా ముందు ఒక గుప్పెడు

బడి నుంచి రాగానే ఉలవగుగ్గిళ్లు తిన్నవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు?

మొన్న స్నేహితులతో ఉయ్యూరు దగ్గర ఒక పాత జమీందారు బంగళాలోని గుర్రపుశాల చూశాను. గోడ పొడవునా మేత వేసే రాతి తొట్లు. అలాంటి తొట్టిని గాడి అంటారట. ఆ మాట అక్కడే నోట్సులో రాసుకున్నాను.

మా అమ్మమ్మ వాళ్ల నాన్న ఇక్కడే గుర్రాలను చూసుకునేవారని చెబితే కాపలా తాతగారు నవ్వారు.

"అయితే మీ ముత్తాత రోజూ గుర్రాల ఉలవలు తిన్నట్టేనమ్మా. ఉడికాక ఓ గుప్పెడు తను నమిలి, రాయి తగల్లేదంటేనే గుర్రానికి పెట్టాలి. నోరులేని జీవం, చెప్పుకోలేదు కదా."

నాకు చిన్నప్పటి సాయంత్రాలు గుర్తొచ్చాయి. అమ్మమ్మ కూడా మా గుగ్గిళ్ల గిన్నెల్లోంచి ఓ గుప్పెడు తీసుకుని నమిలాకే మాకిచ్చేది. ఆవిడకి ఆకలేమో అనుకునేవాళ్లం. ఒకరోజు నేను గిన్నె తోసేశాను.

"ఎంగిలి చెయ్యకు అమ్మమ్మా."

"సరేలేవే, మహారాణీ."

మర్నాటి నుంచి ఆవిడ నా ఎదుట నా గిన్నెలో చెయ్యి పెట్టలేదు. కానీ వంటింట్లోంచి దాన్ని తెచ్చి ఇచ్చేటప్పుడు ఆవిడ దవడ ఆడుతూనే ఉండేది.

అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ నా పంటి కింద ఒక్క రాయి కూడా పడలేదు.