దుగ్నాద్ పండుగ

నార్వే వాళ్ళ పిండివంటల పేరెత్తితే నేను ఇప్పటికీ లేచి అవతలికి పోతాను. తప్పు ఆ వంటలది కాదు. బంగాళాదుంపలు ఉడకబెట్టి చిదిమి, మైదా, వెన్న కలిపి, కాగితమంత పలచగా ఒత్తి పెద్ద పెనం మీద కాలిస్తే ఎవరికైనా రుచిగానే ఉంటుంది. దాన్ని వాళ్ళు లెఫ్సె అంటారు. నాకు రోత పుట్టించింది దాని చుట్టూ వాళ్ళు చేసుకున్న పండుగ, ఆ పండుగలో వాళ్ళు ఆడిన మాటలు.

కువైట్‌లో అహ్మదీ అని చిన్న ఊరు. చమురు బావుల కోసమే కట్టిన ఊరు. వరసగా బంగళాలు, ముందు పచ్చగడ్డి, మధ్యలో ఒక క్లబ్బు. అక్కడ ఒక నార్వే ఇంజనీరు ఇంట్లో నేను వంట చేసేదాన్ని. నాతో పాటు గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక అక్క బట్టలు, ఇస్త్రీ, ఇల్లు చూసుకునేది. నాది కడప జిల్లా. ఆమె ఆదివారం చర్చికి పోయేది, నేను శనివారం ఒక్క పొద్దు ఉండేదాన్ని. ఆమె దీర్ఘాలు తీసి మాట్లాడుతుందని నేను వెక్కిరిస్తే, నా మాట రాళ్ళు దొర్లినట్టు ఉంటుందని ఆమె వెక్కిరించేది.

అంతకు ముందు నేను ఒక కువైటీ ఇంట్లో పని చేశాను. అక్కడ యజమానురాలిని మామా అనాలి. ఆ అలవాటు కొద్దీ ఇక్కడా మొదటి రోజు మామా అన్నాను. ఇంజనీరు భార్య గుండె మీద చెయ్యి వేసుకుని నవ్వింది. తమ దేశంలో దొరలూ లేరు, దాసీలూ లేరు, అందరూ సమానమే, పేరు పెట్టి పిలవమంది. మాకు నోరు రాక మేడమ్, సార్ దగ్గర ఆగిపోయాము. ఆ సమానత్వం ముచ్చట అయ్యాక మా ఇద్దరి పాస్‌పోర్టులు అడిగి తీసుకుని, వాళ్ళ అమ్మమ్మ నాటి పూల బొమ్మల చెక్కపెట్టెలో పెట్టి మూత వేసింది. అక్కడ భద్రంగా ఉంటాయంది. మా వీసాలకు పూచీ పడ్డ కఫీల్ ఎవరో కువైటీ. ఆయన మా ముఖాలు కూడా సరిగా చూసి ఉండడు. కాబట్టి మా బతుకంతా ఆ పూల పెట్టెలోనే ఉండేది.

ఊళ్ళో ఉన్న నార్వే కుటుంబాలన్నీ కలిసి ఏడాదికొకసారి క్లబ్బులో పండుగ చేసేవి. వాళ్ళ పాతకాలపు పిండివంటలు, చేతిపనులు అందరికీ చూపించే పండుగ. తొంభైలో అది జూలైలో పెట్టారు. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుపోయే ఎండల్లో వాళ్ళు అల్లి పెట్టుకున్నవి ఉన్ని చేతితొడుగులు, ఉన్ని టోపీలు. చూసి అక్క ముక్కున వేలేసుకుంది.

పండుగ ముందు మేడమ్ వంటింట్లోకి వచ్చి, పిండి పని చాలా ఉందనీ, రాత్రీ పగలూ అనకుండా చెయ్యాల్సి ఉంటుందనీ చెప్పి, "ఇది దుగ్నాద్, తెలుసా, దుగ్నాద్" అంది. నాకు తెలిసిన హిందీలో దుగ్నా అంటే రెండింతలు. చివర ఆ దకారం వాళ్ళ యాస అనుకున్నాను. ఆమె అటు పోగానే అక్క దగ్గరికి పరిగెత్తాను.

"అక్కా, ఈ పనికి రెండింతలు ఇస్తాదంట. దుగ్నా అంటాండాది."

"నిజంగానేంటే? ఆవిడ నోటితో అందా?"

"నా చెవులతో విన్యా గదా. ఒగసారి గాదు, రెండుసార్లు అన్న్యాది."

అక్క చీర కొంగు దోపుకుంది. ఇక చూడండి మా పని! లెఫ్సెలు ఒత్తి ఒత్తి నా మణికట్లు వాచాయి. ఇంకొక వంట చూసి నాకు నవ్వు ఆగలేదు. పొడుగు కాడకు పువ్వు ఆకారంలో ఇనుప అచ్చు. కాగే నూనెలో ముంచి, పిండిలో అద్ది, మళ్ళీ నూనెలో పెడితే పువ్వు విడిపోతుంది. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకు చేసే గులాబీ పువ్వులే. మాకూ ఇవి ఉన్నాయని చెబితే మేడమ్ జాలిగా తల ఊపింది. ఇది తమ అమ్మమ్మల నుంచి వచ్చిందట, మరెక్కడా ఉండే వీలే లేదట. అచ్చు నా చేతిలో ఉంది. పిండి పాకం సరిచేసింది నేను. అయినా నాకు తెలియదని ఆవిడకు తెలుసు.

మధ్యమధ్య మిగతా ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చి గిన్నెలో వేలు పెట్టి నాకి, బాగుందని మళ్ళీ అదే వేలు అదే గిన్నెలో పెట్టేవారు. ఎంగిలి అన్న మాట వాళ్ళ భాషలో లేదేమో! ఒకామె నాకు ప్రేమగా ఒక గోధుమరంగు ముక్క ఇచ్చింది. బెల్లం అనుకుని ఆశగా నోట్లో వేసుకున్నాను. అది మేకపాల చీజు. తీపి, ఉప్పు, దాని వెనకాలే మేకల కొట్టం వాసన. ఆమె ఎదురుగా ఉంది కాబట్టి మింగాను. మింగినందుకు సాయంత్రం దాకా నన్ను నేను తిట్టుకున్నాను.

పండుగ రోజు మేడమ్ నల్ల ఉన్ని లంగా కట్టి, వెండి బిళ్ళలు పెట్టుకుని నిలబడి ఉపన్యాసం ఇచ్చింది. వంటింటి తలుపు దగ్గర నుంచి మేము చూస్తున్నాము. "ఈ రొట్టె ఒత్తేటప్పుడు మా అమ్మమ్మ చేతులు నా చేతుల్లో కదులుతాయి" అంది. అందరూ చప్పట్లు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ చేతికి ఆ వారమంతా పిండి అంటలేదు. అక్క ముంజేతి మీద నూనె చిట్లి లేచిన బొబ్బ అప్పుడే పగిలి కారుతోంది. తర్వాత మమ్మల్ని కూడా పిలిచి ఫోటో తీశారు. మేడమ్ మా ఇద్దరి భుజాల మీద చేతులు వేసి, వీళ్ళు మా కుటుంబం అని చెప్పింది. దుగ్నా వస్తుంది కదా అని పళ్ళికిలించాను.

రాలేదు. నేనే పోయి అడిగాను. మేడమ్ మొదట అర్థం కాక చూసి, అర్థమయ్యాక విరగబడి నవ్వి, భర్తను పిలిచి చెప్పి మళ్ళీ నవ్వింది. దుగ్నాద్ అంటే రెండింతలు కాదట. వాళ్ళ పల్లెల్లో ఎవరింటికైనా కప్పు వెయ్యాలంటే ఊరంతా వచ్చి చెయ్యి వేస్తారట. అందులో డబ్బు మాటే రాకూడదట, వస్తే అవమానమట.

"మాకూ ఉంది మేడమ్, బదులు అంటాము. కోతలప్పుడు మీ చేలో మేము, మా చేలో మీరు. మా ఉగాదికి మీరు బొబ్బట్లు ఒత్తడానికి వస్తారా?" అని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. నిజంగానే అడిగాను. ఆవిడ అది ఇంకా పెద్ద జోక్ అనుకుంది.

అక్క గోడకు చేరబడి కూర్చుంది. బొబ్బకు పసుపు పెట్టుకుంటూ, "పోన్లేవే, దేవుడు చూస్తాడు" అంది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఇరాక్ సైన్యం వచ్చింది. పొద్దున్నే హెలికాప్టర్ల మోత. రేడియోలో ఏడుపు గొంతుతో ఎవరో అరబ్బీలో సాయం అడుగుతున్నారు. తర్వాత అదీ ఆగిపోయింది. సైనికులు కొట్లు పగలగొట్టి ఏసీలు, టీవీలు లారీల్లో ఎక్కిస్తున్నారని పక్కింటి డ్రైవరు చెప్పాడు. మొహాల్లో ఆకలి కనిపించే పిల్లగాళ్ళట, కాళ్ళకు సరైన బూట్లు లేవట. దోచుకునేవాళ్ళను చూస్తే అసహ్యం వేస్తుంది. కానీ వాళ్ళు మా భుజాల మీద చేతులు వేసి కుటుంబం అనలేదు.

తెల్లవాళ్ళను పట్టుకుపోయి ఇరాక్‌లో ఉంచుతున్నారని పుకారు లేచింది. క్లబ్బు కుటుంబాలన్నీ రహస్యంగా మాట్లాడుకున్నాయి. జీపులు వరసగా కట్టి, రోడ్డు వదిలి ఎడారి మీదుగా సౌదీకి పోవాలని తీర్మానించుకున్నాయి. ఆ పొద్దు మేడమ్ మమ్మల్ని పిలిచి, సామాను ఎక్కించమంది. చెప్తే నమ్మరు, ఆ భయంలో కూడా నవ్వు తెచ్చుకుని దుగ్నాద్ అంది.

ఎక్కించాము. నీళ్ళ డబ్బాలు, పెట్రోలు డబ్బాలు సరే. తర్వాత నేత మగ్గం చట్రం. తర్వాత కుట్టుపని గుడ్డల మూటలు. అన్నిటికంటే అడుగున, దెబ్బ తగలకుండా, ఆ పూల పెట్టె. వెనక సీటు మడిచి మరీ పెట్టించారు. మడిచిన సీటు చూసి నాకు అప్పుడు తట్టింది.

"మరి మేఁవండీ?" అని అక్క సార్‌ను తెలుగులోనే అడిగింది. ఆయనకు అర్థమైంది. చోటు లేదన్నాడు. మీరు ఇండియా వాళ్ళు, సైనికులు మిమ్మల్ని ఏమీ చెయ్యరన్నాడు. అంతలో మేడమ్ కూడా తల ఊపింది.

"అయితే మా పాస్‌పోర్టులు ఇవ్వండి" అన్నాను.

మొగుడూ పెళ్ళాం ముఖాలు చూసుకున్నారు. అవి పెట్టెలో ఉన్నాయి, పెట్టె అడుగున ఉంది, ఇప్పుడు అంతా దించడానికి వ్యవధి లేదు. నార్వే చేరగానే పోస్టులో పంపిస్తామంది మేడమ్. ఏ పోస్టు? పోస్టాఫీసులో సైనికులు పడుకుని ఉన్నారు. ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, అడిగినా, సరిహద్దు దాటాలన్నా, మేము ఫలానా దేశపు మనుషులమని చూపించడానికి ఆ రెండు పుస్తకాలు తప్ప మాకేముంది? ఎవరైనా పట్టుకుంటే మేము ఎవరమూ కాము. మగ్గానికి చోటు ఉంది. మా పేర్లకు కూడా చోటు దొరికింది, వాళ్ళ పెట్టెలో. మాకే లేదు.

ముందు జీపు వాళ్ళు హారను కొడుతున్నారు. సార్ యల్లా యల్లా అని తొందర పెడుతూ స్టీరింగ్ దగ్గరికి పోతున్నాడు.

నేను జీపు వెనక ఎక్కాను. మగ్గం చట్రం లాగి కింద పడేశాను. మూటలు ఒక్కొక్కటే ఇసుకలోకి విసిరాను. మేడమ్ కేక పెట్టింది. అక్క "ఊరుకోవే, ఊరుకోవే" అంటూనే కింద నుంచి మూటలు అందుకుని దూరంగా జరుపుతోంది. పెట్టె మూత లేపాను. పైనంతా తెల్లటి కుట్టు గుడ్డలు. అక్క ఇస్త్రీ చేసి మడతలు పెట్టినవే. చేతికి వచ్చినవి వచ్చినట్టు బయటికి గిరాటు వేశాను. అడుగున మా రెండు పాస్‌పోర్టులు దొరికాయి. రవికలో దోపుకున్నాను.

కిందికి దిగి చూస్తే మేడమ్ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఒక్కొక్క గుడ్డా ఏరి, ఇసుక దులిపి, ఒళ్ళో పెట్టుకుంటూ వెక్కి వెక్కి ఏడుస్తోంది. సైన్యం వచ్చిన రోజు నుంచి ఆవిడ ఏడవడం చూడలేదు. ఊరు దోచుకుపోతున్నా ఏడవలేదు. మమ్మల్ని వదిలిపోతూ ఏడవలేదు. ఛీ అనుకున్నాను. పైకి కూడా అన్నాననుకుంటాను.

ఆవిడ గుడ్డలు పెట్టుకుని ఎక్కింది. సార్ మగ్గాన్ని అక్కడే వదిలేసి బండి స్టార్టు చేశాడు. నాలుగు అడుగులు కదిలి ఆగింది. మేడమ్ అద్దం దించి, తాళాల గుత్తి నా చేతిలో పెట్టింది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"మేము తిరిగొచ్చేదాకా ఇల్లు జాగ్రత్తగా చూసుకోండి. ఎవరినీ లోపలికి రానివ్వొద్దు. వెండి సామాను భోజనాల గదిలో ఉంది" అంది.

జీపు దుమ్ములో కలిసిపోయింది. చేతిలో తాళాలు చూస్తూ నిలబడ్డాను. సిటీ దగ్గర ఖైతాన్ పేటలో మా కడప వాళ్ళ గది ఉంది, అక్కడికి చేరితే నలుగురితో పాటు జోర్డాన్ మీదుగా ఇండియా దారి పట్టొచ్చు. సంచుల్లో రెండేసి చీరలు పెట్టుకుని బయటికి వచ్చాము. అక్క గుమ్మం దగ్గర ఆగింది.

"పాపం, తాళమేసి వెళ్దామే. నమ్మి ఇచ్చింది కదా."

"యాడ నమ్మినాదక్కా? కాపలా పెట్టి పోయినాది. రా, పోదాం."

ముందు తలుపు, వంటింటి తలుపు, రెండూ బార్లా తీసి, గుత్తిని తాళం కప్పకే వదిలేశాను. మలుపు దగ్గర ఒక పాకిస్తానీ డ్రైవరు పికప్ ఆపి ఎక్కించుకున్నాడు. అద్దంలో వెనక్కి చూసి, ఆ తలుపు తెరిచి ఉంది బహెన్, మీ ఇల్లేనా అని అడిగాడు.

కాదన్నాను.