బొట్టు పెట్టిన పళ్లచక్రం

నా చిన్నప్పుడు, దసరా ముందురోజున నేనాడిన ఒక్క అబద్ధం ఒక ఇంటి బతుకుతెరువు తీసేయబోయింది. ఒంట్లో ఓపిక అయిపోయిన సాయంత్రాల్లో ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

గుడివాడలో మా పెదనాన్నకు కార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. దసరాకి పనిముట్లన్నిటికీ పూజ చేసేవాళ్లం. ముందురోజే స్పానర్లూ జాకీలూ కిరసనాయిలుతో తుడిచి, పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టడం నా పని. తొమ్మిదేళ్ల పిల్లని, ఆ పనంటే నాకు మహా గొప్ప.

ఆ రోజు పొద్దున్నే పెడన నుంచి ఒక పాత డీజిల్ టాక్సీ వచ్చింది. దాన్ని నడిపే ఆయన్ని నేను బాబాయి అనేదాన్ని. ఆ కారు తప్ప వాళ్లింటికి మరో ఆధారం లేదు. మర్నాటికి పండగ బేరాలు ఒప్పుకుని ఉన్నాడు. తీరాచూస్తే ఇంజన్లో టైమింగ్ చెయిన్ సాగిపోయింది. ఆ చెయిన్ రెండు పళ్లచక్రాల మీద తిరుగుతుంది. చిన్నది రెండు చుట్లు తిరిగితే పెద్దది ఒక చుట్టు. రెండిటి మీదా ఒక్కో గుర్తుంటుంది, అవి ఎదురెదురుగా నిలిచేట్టు చెయిన్ వెయ్యాలి. తప్పితే లోపల వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజన్ పోతుంది. చూపు మందగించిన దగ్గర్నుంచీ పెదనాన్న ఆ గుర్తుల మీద కిళ్లీసున్నంతో చుక్కలు పెట్టుకునేవాడు.

పెదనాన్న విప్పి, చుక్క పెట్టి ఉంచిన పెద్దచక్రం బల్ల మీద కనిపిస్తే నేను ఊరుకుంటానా? దాన్నీ శుభ్రంగా తుడిచాను. సున్నం చుక్క కాస్తా పోయింది. నాకు తోచిన పంటి దగ్గర కుంకుమబొట్టు పెట్టేశాను. పెదనాన్న వచ్చి చూసి, "నా చుక్క మీదే పెట్టావా అమ్మలూ?" అని అడిగాడు. "ఆఁ, దాని మీదే" అన్నాను. పండగపూట తిట్లు తినాలంటే భయం.

రెండు రోజుల్లో ఆయన చేతిలో అది మూడో బండి. పాపం, నా మాట నమ్మి, బొట్టు చూసుకునే చెయిన్ వేశాడు. మూత బిగించి రేడియేటర్ ఎక్కించేసరికి మూడు దాటింది. బాబాయి తాళం పట్టుకుని, "ఇంక స్టార్టర్ కొట్టేద్దాం అన్నయ్యా, ఇంటికాడ ఎదురుచూస్తుంటారు" అన్నాడు. పెదనాన్న వినలేదు. ఎంత తొందరున్నా ఇంజన్ని ముందు చేతి హ్యాండిల్‌తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి చూస్తేగానీ తాళం పెట్టనిచ్చేవాడు కాదు. ఒక చుట్టు తిరిగింది. రెండోదాంట్లో ఇనుముకి ఇనుము తగిలి ఆయన చెయ్యి ఆగిపోయింది. స్టార్టర్ కొట్టి ఉంటే ఆ ఇంజన్ అక్కడితో సరి.

ఆయన నా వైపు చూశాడు. నాకు ఏడుపొచ్చేసింది. ఇంక వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. పాత టైరు మీద కూలబడి కాసేపు కళ్లు మూసుకున్నాడు. ఆ మొహంలో కోపం లేదు, ఉత్త అలసట. తిట్టినా బాగుండేది. తర్వాత బాబాయితో, "చుక్క నేనే సరిగ్గా చూసుకోలేదురా. ఇంకో రెండు గంటలు పడుద్ది, కూర్చో" అన్నాడు.

మళ్లీ రేడియేటర్ దించి, మూత విప్పాడు. నా వేలు పట్టుకుని చక్రం మీద నెమ్మదిగా నడిపించాడు. ఒకచోట సన్నటి గుంట తగిలింది, చక్రం తయారుచేసినప్పుడే కొట్టిన గుర్తు. "బొట్టు మనం పెట్టుకున్నది. ఇది చెరిగేది కాదు. నేనూ వేలు పెట్టి చూడాల్సింది, ఒళ్లు బరువై వదిలేశా" అన్నాడు. ఆ గుర్తు చూసి చెయిన్ మళ్లీ వేశాక, ఈసారి హ్యాండిల్ నాకిచ్చి, తన చెయ్యి నా చేతి మీద వేసి, రెండు చుట్లూ నాచేతే తిప్పించాడు. ఎక్కడా తగల్లేదు. గుర్తులు రెండూ మళ్లీ ఎదురెదురుగా వచ్చి నిలిచాయి. దీపాలు పెట్టేవేళకి బాబాయి బండి పెడన దారి పట్టింది.

ఇప్పుడు బందరులో మా ఆయన మాత్రల డబ్బా నింపేది నేనే. వారానికి సరిపడా అరలన్నీ నింపేసరికి నడుం పట్టేస్తుంది. సరిగ్గానే ఉంటాయిలే, మూత పెట్టేద్దాం అనిపిస్తుంది. అలా అనిపించిందంటే చాలు, డబ్బా బోర్లించి మొదటినుంచీ పేర్లు చదువుకుంటూ నింపుతాను. పోయిన వారం అలా బోర్లించబోతే, ఒక్కటే ఉండాల్సిన అరలో గుండె మాత్రలు రెండు కనిపించాయి. ఆ రెండిటినీ అరచేతిలో పెట్టుకుని పక్కగదిలోకి వెళ్లి, ఇదిగో ఇలా చేశానండీ అని ఆయనకి చూపించాను.