సంచుల దగ్గర మనిషి

రెండేళ్లుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాను, పట్టించుకున్న నాథుడు లేడు. దుబాయ్ ప్రయాణం ఊసెత్తితే చాలు, మా తోడల్లుడు ఫోన్ చూసుకుంటాడు. వాట్సాప్‌లో రాస్తే దండం బొమ్మ పెడతాడు.

మనిషి మంచివాడే. నాకు నడుం పట్టేస్తే ఇక్కడ కెనడాలో రిచ్‌మండ్ హిల్ నుంచి విండ్సర్ దాకా నాలుగు గంటలు డ్రైవ్ చేసుకొచ్చి మా ఇంటి ముందు మంచు ఎత్తిపోశాడు. కానీ రెండు కుటుంబాలమూ దుబాయ్‌లో దిగింది మొదలు అతనిది ఒకటే పాట: "అన్నయ్యగారూ, మీరిక్కడుంటే మాకు ధైర్యం."

ఆ ధైర్యం కోసం మాల్‌లోనూ, బంగారం బజారులోనూ అందరి సంచులకూ కాపలా కాశాను. చివరి రోజు ఆకాశమంత టవర్ ఎక్కాలి. నేను విమానమెక్కిందే దానికోసం. ఇన్ని సంచులతో పైకి రానివ్వరని తెలిసింది. అతను నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నయ్యగారూ, మీరిక్కడుంటే..."

"తెలుసయ్యా, ధైర్యం. వెళ్లిరండి."

పైనుంచి మావాళ్లకు కనిపిస్తానేమోనని, పదకొండు సంచుల మధ్య నిలబడి గంటసేపు రెండు చేతులూ ఊపాను. దారినపోయేవాళ్లు కూడా ఊపారు.

అతను దిగొచ్చి, "పైనేముందండీ, అంతా ఇసుకే!" అన్నాడు.

ఇసుక సంగతి నాకెందుకు? నేను కనిపించానా, లేదా? అది చెప్పమనండి.