ఎవరికైనా తట్టేదేనట

1. నేను తయారుచేసిన పలకకు పేటెంటు ఇవ్వడంపై ఈ ఉదయం పేటెంటు ఆఫీసు అధికారి నుండి అభ్యంతరం వచ్చింది. విద్యుత్ కేంద్రపు బూడిదను జిగురుతో కలిపిన పలక పాతది, జనపనారను జిగురుతో కలిపినదీ పాతదే, రెంటినీ ఏకం చేయడం పని తెలిసిన ఎవరికైనా తట్టేదేనట.

2. రెంటినీ ఊరికే కలిపితే వానకు పొరలు విడిపోతాయి. తడి నారను ముందు బూడిదలో పొర్లించి, ఆరాక జిగురు పోస్తే విడిపోవు. పాత పేటెంట్లు రెంటిలోనూ ఈ వరుస లేదు. మనకున్న ఆధారం అదొక్కటేనని హైకోర్టున్న బోద్రీలో మా వకీలు గారు అన్నారు.

ఆ ఆశతో ఇంటికి వచ్చి అమ్మకు అంతా వివరించాను. ఆమె మసాలా పట్టించిన చేపముక్కలను పిండిలో పొర్లిస్తూ విన్నది.

“అచ్ఛా. పిండి పొర్లించకపోతే మసాలా ఊడిపోతాదని ఎవులికి తెల్దురా? దీనికి కాయితం ఏటి?”

“మరిన్నాళ్లూ ఎవులూ సెయ్యలేదేటమ్మా?”

“రైలు షెడ్డులో డూటీ ఒగ్గీసి నీనాగ కూకున్నోడు ఇంకోడు దొరకలేదు మరి.”

వకీలు గారు రేపే జవాబు పంపుతారు. ఆ చేపముక్కలను చూసినప్పటి నుండి అధికారి మాటే నిజమేమోనని భయంగా ఉంది. చేసి చూపించాక అందరికీ తట్టేదే. చూపించక ముందు ఇది చదువుతున్న మీలో ఎవరికైనా తట్టిందా? లేదని ఒక్కరైనా రాయండి.

సాయంత్రం ఏడు గంటల నలభై నిమిషాలు.
కింతలి వెంకట జోగారావు